కుండీలో కాక్టస్ ముడుచుకుపోతోంది: నీళ్లు పోయాలా, ఆపాలా?

వానచినుకు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా బాల్కనీలోని గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ గురించి సలహా కావాలి. అడ్డకొలత సుమారు 15 సెంటీమీటర్లు. ఎండాకాలంలో నర్సరీ నుంచి తెచ్చి పెద్ద మట్టికుండీలోకి మార్చాం. వానలు మొదలయ్యాక చూస్తే మొక్క ఒంటి మీది నిలువు గట్లు లోపలికి ముడుచుకుపోయాయి, ఆకుపచ్చ రంగు పసుపులోకి తిరిగింది, మొక్క ఒకవైపు ఒరిగింది. దాహంతో ఉంది, నీళ్లు పొయ్యమని అమ్మ అంటోంది. నీళ్లు ఎక్కువయ్యాయని పక్కింటివారు అంటున్నారు. రెండు మాటలూ నిజమే అనిపిస్తున్నాయి. ఏది నమ్మాలో చెప్పండి.

ముళ్లపందిరి (అనంతపురం)

అసలు కారణం తేలేవరకు ఒక్క చుక్క కూడా పోయకండి. దాహం వేసిన కాక్టస్ ముడుచుకుంటుంది, వేరు కుళ్లిన కాక్టస్ కూడా ముడుచుకుంటుంది. వేరు పోయాక మొక్క తడిమట్టిలో ఉన్నా దానికి నీరు అందదు. అందుకే పైకి చూస్తే రెండూ ఒకటే. నీళ్లు పోస్తే మొదటిది కోలుకుంటుంది, రెండోది చచ్చిపోతుంది.

ఈ నాలుగు సంగతులు చూసి రాయండి. ముళ్ల మధ్య పెన్సిల్ వెనకవైపుతో నొక్కితే ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ దిగుతోంది? వెదురుపుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి కాసేపు ఉంచి తీస్తే తడి అంటుతోందా? నర్సరీ మట్టిని పూర్తిగా తీసేసి నాటారా, ఆ ముద్దతోనే పెట్టారా? పోసేది ఏ నీరు?

వానచినుకు (హైదరాబాద్)

పైభాగం గట్టిగా ఉంది. మట్టిని ఆనుకున్న చోట, ఒరిగిన వైపు మాత్రం మెత్తగా దిగుతోంది, అక్కడ చర్మం తేనెరంగులో ఉంది. మట్టి పైన పొడిగా ఉన్నా పుల్ల చివర తడిగా వచ్చింది. నర్సరీ ముద్దతోనే నాటి చుట్టూ ఎర్రమట్టి, ఇసుక వేశాం. నీరు బోరుబావిది.

ముళ్లపందిరి (అనంతపురం)

అయితే ఇది దాహం కాదు. తడిమట్టిలో ముడుచుకున్న కాక్టస్‌కు వేరుకుళ్లు ఉందనే అనుకోవాలి. ఇవాళే బయటికి తీయండి. దినపత్రికను నాలుగు మడతలుగా పొడవాటి పట్టీలా చేసి మొక్క నడుముకు చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని ఎత్తితే ముళ్లు గుచ్చుకోవు. ముళ్లు మెత్తటి తోలు చేతితొడుగులలోంచి కూడా దిగుతాయి కాబట్టి కాగితం పట్టీయే మేలు.

నా అనుమానమంతా ఆ నర్సరీ ముద్ద మీదే. చాలా నర్సరీలు మొక్కను వేగంగా పెంచడానికి, లారీలో బరువు తగ్గించడానికి ఒట్టి కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొట్టులో) పెంచుతాయి. అక్కడ రోజూ చూసుకునే మనిషి ఉంటాడు, పైన నీడ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. మన ఇంటికి వచ్చాక అదే ముద్ద ఇబ్బంది పెడుతుంది. పూర్తిగా ఎండితే రాయిలా బిగుసుకుని నీటిని పక్కకు జార్చేస్తుంది, ఒకసారి నానితే వారాలపాటు తడి వదలదు. చుట్టూ మీరు ఎంత మంచి మట్టి వేసినా వేళ్లు మాత్రం ఆ తడిలోనే ఉంటాయి.

వానచినుకు (హైదరాబాద్)

తీసి చూశాను. ఎర్రమట్టి ఇట్టే రాలిపోయింది, మధ్యలో ముద్ద మాత్రం విడలేదు. దాని చుట్టూ సన్నని వల సంచి కూడా ఉంది, వేళ్లు ఆ వలలో చిక్కుకున్నాయి. వల కత్తిరించి ముద్దను విదిలిస్తే పులిసిన వాసన వచ్చింది. ఒక వేరును చేతివేళ్ల మధ్య పట్టి లాగితే పైతొడుగు జారిపోయి లోపల దారం లాంటి పోగు మిగిలింది. రెండు మూడు వేళ్లు మాత్రం తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కాండం అడుగున రూపాయి నాణెమంత గోధుమరంగు మచ్చ ఉంది.

ముళ్లపందిరి (అనంతపురం)

పైతొడుగు జారిందంటే ఆ వేరు చచ్చిపోయినట్టే. మచ్చ కాండంలోకి ఎక్కింది కాబట్టి కోయక తప్పదు. తడి ఆరితే అదే తగ్గుతుందేమోనని ఆగకండి. ఈ ఉక్కలో కుళ్లు చాలా వేగంగా పైకి పాకుతుంది.

పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి అడుగు నుంచి పలుచని చక్రంలా ఒక ముక్క కోయండి. కోసిన ముఖాన్ని వెలుతురులో చూడండి. మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది. నీరు, ఆహారం పైకీ కిందికీ వెళ్లే నాళాలు అవే. చుట్టూ ఉన్న కండ తెల్లగా, నీరుపట్టి శుభ్రంగా ఉన్నా సరే, ఆ వలయంలో ఒక్క నారింజ చుక్క, ఒక్క గోధుమ గీత ఉంటే కుళ్లు అక్కడి నుంచి పైకి పోతోందని అర్థం. కత్తిని మళ్లీ స్పిరిట్‌తో తుడిచి ఇంకో చక్రం కోయండి. ప్రతి కోతకూ తుడవాలి. తుడవకపోతే కింది ముక్కలోని కుళ్లును మీరే పైముక్కకు అంటించినవారవుతారు. వలయం పూర్తిగా శుభ్రంగా కనిపించేదాకా ఆపకండి. మొక్క చిన్నదైపోతోందని జాలిపడి ఒక చుక్కను వదిలేస్తే అంతా పోతుంది.

శుభ్రమైన ముఖం వచ్చాక అంచు చుట్టూ చర్మాన్ని పెన్సిల్ చెక్కినట్టు కాస్త ఏటవాలుగా చెక్కండి. ఆరేకొద్దీ మధ్యభాగం లోపలికి గుంజుకుంటుంది. కొత్త వేళ్లు ఆ నడిమి వలయం నుంచే వస్తాయి. అంచు చెక్కకపోతే గట్టి చర్మం మట్టికి ఆని, మధ్యభాగం గాలిలో ఉండిపోతుంది.

తర్వాత నీడలో, గాలి ఆడేచోట ఖాళీ గ్లాసు మూతి మీద కూర్చోబెట్టండి. వానాకాలం కాబట్టి రెండు మూడు వారాలు పట్టవచ్చు. కోత ముఖం గట్టిపడి, గోటితో తడితే టకటకమనాలి.

మిద్దెతోట (వరంగల్)

కోసిన చోట పసుపు అద్దండి. మా ఇంట్లో ఏ మొక్క కోసినా అదే చేస్తాం. మళ్లీ నాటేటప్పుడు కుండీ అడుగున రెండంగుళాల మందాన ఇటుక ముక్కలు పరిస్తే నీరు నిలవదు.

పురుగులచదువు (గుంటూరు)

మిద్దెతోట గారూ, పసుపుతో హాని లేదు, కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు. గంధకం పొడి గానీ, కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి గానీ పలుచగా అద్దితే కుళ్లు తెచ్చే శిలీంధ్రాన్ని (బూజును) బాగా ఆపుతుంది. ఏది అద్దినా ఆరబెట్టడం తప్పదు. ముద్దగా పులిమితే దాని కిందే తడి నిలుస్తుంది.

ఇటుక ముక్కల పొర విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. సన్నమట్టిలోని నీరు తేలిగ్గా పెద్ద ఖాళీల పొరలోకి దిగదు. సన్నని రంధ్రాలు నీటిని పట్టి ఉంచుతాయి. పైమట్టి పూర్తిగా నానాకే కిందికి చుక్క పడుతుంది. అంటే అడుగున ఉండాల్సిన తడిపొరను ఇటుక ముక్కలు రెండంగుళాలు పైకి, వేరు దగ్గరికి జరుపుతాయి. అవే ఇటుకలను చిదిపి, జల్లెడ పట్టి, దుమ్ము తీసేసి మట్టి అంతటా కలిపితే అసలు ప్రయోజనం కలుగుతుంది.

మిద్దెతోట (వరంగల్)

మా నాన్నగారి కాలం నుంచి ఇటుక ముక్కలే వేస్తున్నాం, గులాబీలు, మల్లెలు బాగానే ఉన్నాయి. మీరు చెప్పిన కారణం మాత్రం అర్థమైంది. గులాబీకి కాస్త తడి నిలిచినా పరవాలేదు, కాక్టస్‌కు అలా కాదు. మరి పాళ్లు ఎలా కలపాలి?

ముళ్లపందిరి (అనంతపురం)

మా వైపు గాలి పొడి కాబట్టి నేను ఒక వంతు ఎర్రమట్టి, రెండు వంతులు గులకలాంటివి వాడతాను. చిదిపిన ఇటుక, ముతక ఇసుక, బొగ్గు నలుసులు, దొరికితే ప్యూమిస్ (రంధ్రాలున్న తేలికరాయి). నలుసులు 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఇళ్లు కట్టేచోట దొరికే సన్న ఇసుక వద్దు, సిమెంటు పనికి బాగుంటుందేమో గానీ వేళ్ల మధ్య గాలి లేకుండా బిగుస్తుంది. నల్లరేగడి అసలే వద్దు. కలిపిన మట్టిని పిడికిట్లో తడిపి నొక్కితే ఉండకట్టకుండా విడిపోవాలి. పరీక్ష అంతే.

కుండీ కూడా పెద్దది వద్దు. మొక్క అడ్డకొలత కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువుంటే చాలు. వేరు లేని మొక్కను పెద్ద కుండీలో పెడితే తాగేవాళ్లు లేని నీరు అందులో రోజుల తరబడి ఉండిపోతుంది.

సాగరతీరం (విశాఖపట్నం)

ఆ పాళ్లు అనంతపురానికి సరే. మా తీరంలో జూలై నుంచి నవంబరు దాకా గాలిలోనే తడి ఉంటుంది. ఇక్కడ మట్టి నాలుగో వంతుకు మించితే ఇబ్బందే. మిగతాదంతా గులక. వాన నేరుగా పడకుండా పైన పారదర్శక రేకు ఉండాలి, పక్కలు మాత్రం తెరిచి ఉండాలి. కొందరు ప్లాస్టిక్ పట్టాతో చుట్టూ కప్పేస్తారు. వాన నుంచి కాపాడినట్టే ఉంటుంది, కానీ లోపల ఉక్క పట్టి శిలీంధ్రానికి మరింత అనువవుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు వారు ఈశాన్య రుతుపవనాలను కూడా లెక్కలో పెట్టుకోవాలి. తెలంగాణలో ఆకాశం తెరిపిచ్చే అక్టోబరు, నవంబరులో అక్కడ అసలు వానలు.

కొత్తచిగురు (కరీంనగర్)

నా సందేహం కూడా ఇక్కడే అడగవచ్చా? రెండు మొక్కలు ఉన్నాయి. మొదటిది పైన ఎర్రటి బంతి, కింద పచ్చటి మూడంచుల కాడ ఉన్న చిన్న కాక్టస్. కింది కాడ పసుపుబారి మెత్తబడుతోంది, పైబంతి ఇంకా ఎర్రగానే ఉంది. రెండోది కంప్యూటర్ బల్ల మీద ఉంది. గుండ్రంగా తెచ్చాను, ఇప్పుడు పైన సన్నగా, లేతగా సాగుతోంది. ఎదుగుతోందని ఇంట్లో అందరూ సంతోషిస్తున్నారు.

సాగరతీరం (విశాఖపట్నం)

మొదటిది అంటుకట్టిన మొక్క. పైబంతి జిమ్నోకాలిసియం జాతిలో పత్రహరితం లేని రకం, 1940లలో జపాన్‌లో విత్తనాల నుంచి వచ్చిన మొలకల్లో బయటపడింది. పత్రహరితం లేదు కాబట్టి తనంతట తాను ఆహారం తయారు చేసుకోలేదు, కింది కాడ మీదే బతకాలి. ఆ కాడ డ్రాగన్ ఫ్రూట్ తీగ ముక్క. ఎర్రబంతిని కోసి మట్టిలో పెడితే వేళ్లు వచ్చినా బతకదు. కాపాడాలంటే బంతి గట్టిగా ఉన్నప్పుడే ఆరోగ్యమైన డ్రాగన్ ఫ్రూట్ కాడ మీదకు మార్చాలి. రెండింటినీ అడ్డంగా కోసి, నాళాల వలయాలు కొంతైనా ఒకదానిమీద ఒకటి పడేలా పెట్టి, రబ్బరు బ్యాండుతో కుండీతో సహా బిగించి వారం పదిరోజులు కదపకూడదు. మీ దగ్గర డ్రాగన్ ఫ్రూట్ తోటలు ఉంటే కాడ అడిగితే ఇస్తారు. తెలంగాణలో ఇప్పుడు చాలాచోట్ల వేస్తున్నారు.

రెండోది ఎదుగుదల కాదు, వెలుతురు కోసం సాగడం. సన్నబడిన భాగం తిరిగి లావెక్కదు. అలాగని రేపే మిద్దె మీద ఎండలో పెట్టకండి. కాలిపోతుంది. ముందు పొద్దుటి ఎండ తగిలే కిటికీ, ఆపైన బాల్కనీ, ఆపైన షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద. రెండు మూడు వారాలు తీసుకోండి. కొత్త పెరుగుదల లావుగా వచ్చాక సన్నభాగం కోసేయాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇంకొక మాట. కుండీ మీద రంగురాళ్లు ఉంటే కదిపి చూడండి. కొన్నిచోట్ల వాటిని జిగురుతో అంటిస్తారు, నీరు లోపలికి పోదు. మొక్క నెత్తిన పువ్వు ఎన్నాళ్లకూ వాడకపోతే అది కూడా అంటించిన ఎండుపువ్వే. జిగురు పెరిగే కొనను కప్పేస్తుంది, నిదానంగా ఊడదీయండి.

నూతిగట్టు (మహబూబ్‌నగర్)

నా నిలువు కాక్టస్ కొన దగ్గర తుప్పు పట్టినట్టు గోధుమరంగు పూత వస్తోంది. అడుగున కూడా అలాంటి రంగే ఎప్పటినుంచో ఉంది. కుళ్లేనా? ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టాను, ఏమీ తేడా లేదు.

పురుగులచదువు (గుంటూరు)

నొక్కితే గట్టిగా, పొడిగా ఉంటే కుళ్లు కాదు. అడుగున ఉన్నది వయసుతో వచ్చే బెరడు, అది కింది నుంచి నెమ్మదిగా పైకి వస్తుంది. దాన్ని గోకవద్దు. కొన దగ్గరి తుప్పు వేరే కథ. లేత భాగంలో మొదలయ్యే పూత చాలావరకు నల్లుల పని, మంచాల్లోవి కాదు, మొక్కల మీద ఉండే సన్న ఎర్రనల్లులు. తెల్లకాగితం కింద పట్టి కొన మీద పాత పళ్లకుంచెతో రెండుసార్లు తట్టండి. కాగితం మీద పడ్డ ఎర్రటి చుక్కల్లో ఏదైనా కదిలిందా చూడండి. భూతద్దం ఉంటే ఎనిమిది కాళ్లు కనబడతాయి.

ఎనిమిది కాళ్లు అంటే అది కీటకం కాదు, సాలీడు కుటుంబానికి చుట్టం. అందుకే ఇమిడాక్లోప్రిడ్ పనిచేయలేదు. అది రసం పీల్చే కీటకాల మందు. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సాయంత్రం వేళ పిచికారీ చేయండి. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం వద్దు, మొక్క కమిలిపోతుంది. వారం తర్వాత మరోసారి కొట్టాలి, గుడ్ల నుంచి వచ్చినవి అప్పుడు దొరుకుతాయి. పాత మచ్చ పోదు. కొత్తగా వచ్చే భాగం పచ్చగా ఉందా లేదా అన్నదే కొలత.

తెల్లటి దూదిలాంటిది గట్ల మధ్య ఉంటే అది పిండినల్లి. పేరులో నల్లి ఉన్నా అది కీటకమే. కొంచెమే ఉంటే దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నే తుడవండి, అదీ నీడలోనే. చీమలు పైకి ఎక్కుతుంటే ఎక్కడో పిండినల్లి ఉందని వెతకండి. అది విసర్జించే తీపిరసం కోసమే అవి వస్తాయి, దాన్ని కాపాడతాయి కూడా. పైన ఏమీ లేకుండా మొక్క నీరసించిపోతే వేళ్లు చూడాలి. కుండీ లోపలి గోడకు సున్నం చల్లినట్టు తెల్లపొడి ఉంటే వేరు పిండినల్లి. ఆ మట్టి అంతా పారేసి, వేళ్లు కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టాలి.

మన పొలాల గట్ల మీద కనిపించే నాగజెముడుపై కూడా తెల్లదూది ఉంటుంది. దాన్ని నలిపితే వేలు చిక్కటి ఎరుపెక్కుతుంది. అది కాచినీల్ పురుగు. అద్దకం రంగు కోసం 1795లో ఒక రకాన్ని మన దేశానికి తెచ్చారు. రంగు వ్యాపారం ఫలించలేదు గానీ అది ఒక జాతి జెముడును తినేసింది. 1926లో మరో రకాన్ని కావాలనే తెప్పించి నాగజెముడును అదుపులో పెట్టారు. కుండీలో ఒపన్షియా (నాగజెముడు జాతి) పెంచేవారు పొలం నుంచి తెచ్చిన ముక్కలను విడిగా ఉంచి చూశాకే మిగతావాటితో కలపాలి.

మిద్దెతోట (వరంగల్)

మా ఇంట్లోని ముళ్లమొక్కను కోస్తే తెల్లటి పాలు కారుతున్నాయి. అదీ రోగమేనా?

పురుగులచదువు (గుంటూరు)

కాదండీ, మీది బహుశా యుఫోర్బియా. మన బొమ్మజెముడు, ఆకుజెముడు ఆ కుటుంబానివే. ముల్లు మూలం చూడండి. ముళ్లు ఒక చిన్న నూగుదిండు లోంచి వస్తే కాక్టస్, నేరుగా చర్మం మీద జంటగా ఉంటే యుఫోర్బియా. పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే ఎక్కువ నీటితో కడిగి వైద్యుడికి చూపించాలి. చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోయవద్దు.

ఎడారిదారి (ఫీనిక్స్, అరిజోనా)

ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను, మన వేసవికి పనికొస్తుంది. ఎడారి మొక్కకు ఎంత వేడైనా ఒకటేనని చాలామంది అనుకుంటారు. 2023లో మా ఊళ్లో వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఆ వేసవిలో ఇక్కడే పుట్టి పెరిగిన సగువారోలు (ఇక్కడి ఎత్తైన నిలువు కాక్టస్‌లు) కొమ్మలు జారవిడిచాయి, కొన్ని నిలువునా కూలాయి. పగటి వేడి కంటే రాత్రుళ్లు చల్లబడకపోవడమే వాటిని ఎక్కువ దెబ్బతీసింది. కాక్టస్ పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటుంది. రాత్రి కూడా ఉడికిపోతే తెరవలేదు.

సిమెంటు మిద్దె మీద మే నెల రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు. నల్ల ప్లాస్టిక్ కుండీని అక్కడ పెడితే వేళ్లు ఉడుకుతాయి. కుండీ కింద ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి, మధ్యాహ్నం నుంచి షేడ్‌నెట్ వేయండి. ఆ నెలల్లో చాలా కాక్టస్‌లు ఎదుగుదల ఆపేస్తాయి. వేడిగా ఉంది కదా అని నీళ్లు ఎక్కువ పోస్తే తాగదు, వేడి మట్టిలో తడి మిగిలి కుళ్లు మొదలవుతుంది. పడమటి ఎండ తగిలిన వైపు మాత్రమే తెల్లబడి గడ్డిరంగు తిరిగి గట్టిపడితే అది ఎండదెబ్బ. ఆ మచ్చ అలాగే ఉంటుంది, ప్రాణానికి ఏమీ కాదు.

వానచినుకు (హైదరాబాద్)

అందరికీ ధన్యవాదాలు. మొదటి చక్రంలో వలయం మీద మూడు నారింజ చుక్కలు కనిపించాయి. రెండో చక్రంలో ఒకటి, అదీ సూదిమొన అంత. మూడోసారి కోస్తే పూర్తిగా తెల్లగా వచ్చింది. మొక్క మూడింట ఒక వంతు పోయింది. అంచు చెక్కి, కాపర్ పొడి అద్ది, వంటింటి కిటికీ పక్కన గ్లాసు మీద పెట్టాను. ఇప్పుడు కోత ముఖం గట్టిపడి లోపలికి గుంజుకుంది. అమ్మ రోజూ వచ్చి చూస్తోంది, నీళ్ల మాట మానేసింది. ఇక ఏం చేయాలి? బోరు నీటి వల్ల కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటోంది, దానికి ఏమైనా చేయాలా?

ముళ్లపందిరి (అనంతపురం)

బాగా చేశారు. మూడో చక్రం కోయడానికే చాలామందికి చేయి రాదు. ఇక చిన్న మట్టికుండీలో పొడి మిశ్రమం నింపి పైన కూర్చోబెట్టండి, లోపలికి పాతిపెట్టవద్దు. ఒరగకుండా చుట్టూ మూడు రాళ్లు ఆనించండి. గోల్డెన్ బ్యారెల్ వేళ్లు వేయడంలో నిదానం, నెలలు పట్టవచ్చు. అంతవరకు నీళ్లు లేవు. మొక్క ఇంకాస్త ముడుచుకుంటుంది, కంగారుపడకండి. ఒంట్లో దాచుకున్న నీటితోనే అది వేరు పుట్టించుకుంటుంది. అప్పుడప్పుడు మెల్లగా ఎత్తి చూడండి. తెల్లటి మొనలు కనిపించాక కుండీ అంచు వెంబడి కొద్దిగా నీరు, సాయంత్రం పూట. అది పూర్తిగా ఆరాకే మళ్లీ.

బోరు నీటిలోని సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది, అప్పుడు ఇనుము ఉన్నా మొక్కకు అందదు, కొత్త పెరుగుదల పాలిపోతుంది. మీకు ఇప్పుడు వానలే కదా. డ్రమ్ములో పట్టి మూతపెట్టి ఉంచుకోండి, ఒక్క మొక్కకు ఏడాదంతా సరిపోతుంది. నీళ్లు శుద్ధి చేసే ఆర్వో యంత్రం పక్కకు వదిలే నీటిని మాత్రం పోయకండి, అందులో ఉప్పు బోరు నీటికంటే ఎక్కువ. వేరు వచ్చాక ఫొటో పెట్టండి, ఎరువు సంగతి అప్పుడు చూద్దాం. ఈలోగా వేపపిండి, పశువుల ఎరువు ఏదీ కలపవద్దు.